రెండు తేదీల కార్డు

రాత్రి ఎనిమిది దాటితే మా నెట్ సెంటర్‌కి వచ్చే మనుషులు మారిపోతారు. పగలంతా పింఛన్ల పెద్దవాళ్ళు, హాల్ టికెట్ల పిల్లలు, అడంగల్ కోసం వచ్చే రైతులు. చీకటి పడి క్వారీల్లో మిషన్లు ఆగాక ఇంకో వరస మొదలవుతుంది. ఒంటి మీద డీజిల్ వాసన, కనుబొమల మీద రాతిపొడి. జేసీబీ వాళ్ళు, చైన్ మిషన్ వాళ్ళు, క్రేన్ వాళ్ళు, టిప్పర్ వాళ్ళు. ఎన్నిసార్లు వద్దన్నా చెప్పులు గుమ్మం బయటే విప్పుతారు. "అక్కా, ఈ లైసెన్సు ఒకసారి చూడవా, ఇంకా ఉందో అయిపోయిందో" అంటూ పర్సులోంచి కార్డు తీసి బల్లమీద పెడతారు.

మీరూ కూర్చోండి, టీ చెప్పాను. ఈ కార్డు సంగతి మీతో చాలా రోజులుగా చెప్పుకోవాలనుకుంటున్నా. మీ ఇంట్లోనో మీ వీధిలోనో మిషన్ తోలేవాళ్ళు ఒక్కరైనా ఉండే ఉంటారు. ఇల్లు కట్టేటప్పుడు పునాది తీసిన అబ్బాయో, చెరువులో పూడిక తీసిన అబ్బాయో. వాళ్ళ కోసమైనా వినండి.

మాది చీమకుర్తి పక్క ఊరు. నల్లటి రాయిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ దొరికేది మా దగ్గరే. ఆ రాయి దేశదేశాలు తిరుగుతుంది. దాన్ని నేలలోంచి లేపిన చేతులు మాత్రం రోజూ నా బల్ల మీదికి వస్తాయి, వేలిముద్ర యంత్రం మీద పడతాయి. చాలాసార్లు ఆ యంత్రం వాటిని గుర్తుపట్టదు. ఆ కథ కొంచెం ఆగి చెప్తాను.

మా ఇంటికీ మట్టిపనికీ పాత చుట్టరికం. మా తాతయ్య నాగార్జునసాగర్ కుడి కాలువ తవ్వకంలో పనిచేశాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఆ మధ్యకాలమంతా మా తాతయ్యలాంటివాళ్ళ చేతుల్లో పలుగు, పార, నెత్తిన తట్ట. గుంత మధ్యలో ఒక మట్టి దిమ్మెని తవ్వకుండా వదిలేసేవాళ్ళట. ఎంత లోతు తీశారో మేస్త్రీ ఆ దిమ్మె ఎత్తు కొలిచి, ఆ లెక్కన డబ్బులు ఇచ్చేవాడట. తాతయ్య లైసెన్సు ఆ దిమ్మే. ఆయన్ని ఎవరూ ఇంకే కాగితమూ అడగలేదు.

మా తమ్ముడు చేసేదీ అదే పని, మట్టి తియ్యడం. కాకపోతే సీట్లో కూర్చుని చేస్తాడు. జేసీబీలో సీటు ముందుకి తిప్పితే స్టీరింగు, లోడర్ బకెట్. వెనక్కి తిప్పితే బూమ్, దాని చివర పళ్ళ బకెట్. ఆ రెండు లివర్లు పట్టుకున్నప్పుడు వాడి ముఖం చూడాలి. కింద తాగునీటి పైపు ఉందని చెబితే, బకెట్ పళ్ళతో పైపు పైనున్న మట్టిని గీకి గీకి తీస్తాడు, తల్లి పిల్లవాడి తల దువ్వినట్టు. పైపు కనిపించగానే బండి ఆపి, దిగి, పారతో తీస్తాడు. పది పన్నెండేళ్ళ అనుభవం అది. ఆ అనుభవం మొత్తాన్ని పైవాళ్ళకి చూపించేది మాత్రం పర్సులోని ఒక ప్లాస్టిక్ కార్డు. గడువు దాటితే ఆ అనుభవం లెక్కలోకి రాదు.

ఆ కార్డులో ఏముంటుందో చూద్దాం. పైన నంబరు. మా జిల్లావాళ్ళదైతే ఏపీ పక్కన 27 ఉంటుంది, ప్రకాశం అంకె అది. బళ్ళకి 2019లో రాష్ట్రం మొత్తానికి 39 వచ్చేసిందిగానీ పాత లైసెన్సుల మీద ఆ 27 అలాగే ఉంది. తర్వాత ఏయే బళ్ళు తోలవచ్చో ఆ క్లాసులు. మోటారుసైకిల్, కారు తెలిసినవే. మిషన్ తోలేవాళ్ళకి ఇంకో పొడవాటి అక్షరాల గుత్తి ఉంటుంది: ఎల్‌డీఆర్‌ఎక్స్‌సీవీ. లోడరు, ఎక్స్‌కవేటరు, హైడ్రాలిక్ యంత్రాలు అని దానర్థం. క్రేన్‌కి వేరే, ఫోర్క్‌లిఫ్ట్‌కి వేరే, రోడ్డు రోలర్‌కి వేరే, బోరు రిగ్గుకి వేరే. మోటారు వాహనాల చట్టం పదో సెక్షన్‌లో రోడ్డు రోలర్‌ని పేరు పెట్టి చెప్పారు. మిగతా యంత్రాలు 'ఫలానా రకం వాహనం' అనే ఖానాలోకి వస్తాయి.

ఇక్కడ ఒక చిత్రమైన సంగతి ఉంది. పది మందిలో తొమ్మిది మందికి తెలియదు. జేసీబీ అంత పెద్దదిగా, పసుపుగా, అరుచుకుంటూ వస్తుంది కదా, లారీలాగా అదీ ట్రాన్స్‌పోర్ట్ బండే అనుకుంటాం. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం అది నాన్ ట్రాన్స్‌పోర్ట్. దాని అసలు పని రోడ్డు అవతల. రోడ్డెక్కడం ఈ గుంత దగ్గర్నుంచి ఆ గుంత దగ్గరికి పోవడానికి, కాసేపు, గంటకి యాభై కిలోమీటర్లు మించకుండా. ఆ నిర్వచనం కూడా రబ్బరు టైర్లు, రబ్బరు ప్యాడ్లు, స్టీలు డ్రమ్ము చక్రాలు ఉన్నవాటికే. ఇనప చైన్ల మీద నడిచే మిషన్ రోడ్డు మీద నడవదు, ట్రైలర్ మీద ఎక్కి వస్తుంది. అయినా సైటు గేటు దగ్గర చైన్ మిషన్ ఆపరేటర్నీ లైసెన్సు అడుగుతారు. అడగాలి కూడా.

సరే, కార్డు మీద ఆఖరున తేదీలు. తేదీ అనలేదు, తేదీలు అన్నాను. ఒకటి ఎన్‌టీ పక్కన, ఇంకోటి టీఆర్ పక్కన. మొదటిది నాన్ ట్రాన్స్‌పోర్ట్, రెండోది ట్రాన్స్‌పోర్ట్. మా తమ్ముడి బతుకుని మూడు వారాలు ఆపేసింది ఈ రెండో తేదీ.

వాడు ఇక్కడి క్వారీ పని వదిలి వేరే జిల్లాలో రోడ్డు పనికి వెళ్ళాడు. జీతం బాగుంది, బత్తా వేరే. మూటాముల్లె సర్దుకుని వెళ్తే, గేటు దగ్గర సేఫ్టీ ఆయన కార్డు తీసుకుని వెనక్కి ముందుకి తిప్పాడు. "టీఆర్ అయిపోయి నాలుగు నెలలైంది బాబూ" అన్నాడు. మా వాడు తెల్లబోయాడు. కార్డు మీద ఇంకా తొమ్మిదేళ్ళు కనిపిస్తోంది కదా అన్నాడు. ఆ తొమ్మిదేళ్ళు ఎన్‌టీ తేదీవి. జేసీబీ వరకు అది చాలేదేమో. ఆ సైటులో మాత్రం టిప్పర్ డ్రైవరు రాని రోజు టిప్పర్ కూడా తోలాలి, టిప్పర్ ముమ్మాటికీ ట్రాన్స్‌పోర్టే. గేటు పాసు ఇవ్వలేదు. ఆయన తప్పేం లేదని నేను ఇప్పటికీ అంటాను. కార్డు ఇచ్చిన రోజున 'ఇదిగో, నీకు రెండు తేదీలున్నాయి, ఇది ముందొస్తుంది' అని మా వాడికి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సింది. కార్డు పోస్టులో వస్తుంది. పోస్ట్‌మన్ ఆ సంగతి చెప్పడు కదా.

అందుకే నా దగ్గరికి కార్డు వస్తే ముందు ఆ రెండు తేదీల కింద పెన్సిల్‌తో చూపిస్తాను. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు అయిదేళ్ళకోసారి. అంతకుముందు మూడేళ్ళే ఉండేది, 2019 సవరణలో అయిదు చేశారు. ప్రమాదకరమైన సరుకులు మోసేవాళ్ళకి ఇంకా తక్కువ, మూడేళ్ళు. నాన్ ట్రాన్స్‌పోర్ట్‌ది వయసుని బట్టి. ముప్పై లోపు తీసుకుంటే నలభై నిండేదాకా, ముప్పై నుంచి యాభై లోపు అయితే పదేళ్ళు, యాభై దాటి యాభై అయిదు లోపు అయితే అరవై వచ్చేదాకా, ఆ తర్వాత అయిదేసి ఏళ్ళు. మీ కార్డులో మిషన్ క్లాసు ఏ తేదీ కింద ఉందో ఈ రాత్రే తీసి చూడండి.

ఇంకోటి కూడా జనం నోళ్ళలో పాతుకుపోయింది, గడువు అయిపోయినా ముప్పై రోజులు చెల్లుతుందని. ఒకప్పుడు నిజమే. అదే 2019 సవరణలో తీసేశారు. గడువు తీరిన మర్నాడు తెల్లారితే ఆ కార్డుతో బండి ఎక్కకూడదు. కరోనా రోజుల్లో ఇచ్చిన పొడిగింపు ఇంకా ఉందనుకునేవాళ్ళు నాకు మొన్నటిదాకా తగిలారు. అది 2021 అక్టోబరు 31తో అయిపోయింది.

గడువుకి ఏడాది ముందు నుంచీ, గడువు దాటాక ఏడాది వరకూ రెన్యువల్‌కి పెట్టుకోవచ్చు. ఏడాది దాటిపోతే మాత్రం మళ్ళీ బండి తోలి చూపించాలి, కొత్తవాడిలాగా. పాతికేళ్ళు తోలినవాడు వెళ్ళి పరీక్షకి నిలబడటం నేను చూశాను. ఆయన చెయ్యి వణకలేదుగానీ గొంతు వణికింది. దాటాక పెట్టుకున్నవాళ్ళకి కొత్త గడువు రెన్యువల్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది. మధ్యలో పోయిన నెలలు పోయినట్టే. ఆ నెలల్లో ఏదైనా జరిగితే?

జరగకూడదు. జరిగితే మాత్రం ఏమవుతుందో తెలుసుకుని ఉండాలి. లైసెన్సు లేకుండా తోలితే అయిదు వేలు జరిమానా, మూడు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన ఓనరుకీ అంతే. మనిషికి దెబ్బ తగిలితే కథ ఇంకా పెద్దది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక దారి చెప్పింది. దెబ్బతిన్న కుటుంబం రోడ్డున పడకూడదు కాబట్టి లైసెన్సు విషయంలో లోపం ఉన్నా ముందు బీమా కంపెనీ వాళ్ళకి డబ్బు కట్టి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకునే పద్ధతి. ఆ కుటుంబానికి అది న్యాయం. రెండు ఎకరాలు అమ్మి, అప్పు చేసి, ఒక్క జేసీబీ కొనుక్కున్న చిన్న ఓనరుకి మాత్రం ఆ ఒక్క నోటీసుతో ఇల్లు పోతుంది. అతను మిషన్ ఇన్‌స్టాల్‌మెంట్ తేదీ మర్చిపోడు. ఆపరేటర్ కార్డు తేదీ కూడా ఆ పక్కనే రాసుకోవాలి. నేను ఓనర్లకి గట్టిగానే చెప్తాను, "కార్డు చూడకుండా తాళం ఇవ్వకు అన్నా" అని.

ఇప్పుడు ఆన్‌లైన్ సంగతి. ఇంతకుముందు రెన్యువల్ అంటే ఒక రోజు కూలి పోయినట్టే. బస్సెక్కి ఒంగోలు పోవాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు బయట చెట్టు కింద బ్రోకర్‌ని పట్టుకోవాలి, వరసలో నిలబడాలి, "రేపు రా" అంటే రేపు కూడా పోవాలి. ఇప్పుడు కేంద్రం వాళ్ళ సారథి పోర్టల్‌లో రాష్ట్రం పేరు ఎంచుకుని, లైసెన్సు సేవల్లోకి వెళ్ళి, కార్డు నంబరూ పుట్టిన తేదీ కొడితే మనిషి వివరాలన్నీ తెర మీదికి వస్తాయి. రెన్యువల్ మీద టిక్కు పెట్టాలి, ఆరోగ్యం గురించి అడిగినవాటికి జవాబు చెప్పాలి, కాగితాలు, ఫొటో, సంతకం ఎక్కించాలి, ఫీజు కట్టాలి. కేంద్ర నియమాల్లో రెన్యువల్ ఫీజు 200 రూపాయలే, కార్డుకీ సర్వీసుకీ పడేవి వేరే. ఆలస్యమైతే అది 300 అవుతుంది, పైగా ఏడాదికి వెయ్యి. కట్టగానే ఒక అప్లికేషన్ నంబరు వస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమని బతిమాలుతాను. రసీదు కాగితం క్వారీకి పోయిందంటే మళ్ళీ కనపడదు.

2021 మార్చిలో కేంద్రం పద్దెనిమిది సేవలకి ఆఫీసు గడప తొక్కక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆధార్‌తో మనిషిని గుర్తించగలిగితే చాలు. తోలి చూపించక్కర్లేని రెన్యువల్ ఆ పద్దెనిమిదిలో ఒకటి. ఆధార్‌తో కుదరకపోతే స్లాట్ తీసుకుని ఒరిజినల్స్ పట్టుకుని వెళ్ళాలి, అంతే తేడా. మా వాళ్ళకి ఇది ఎంత మేలో మాటల్లో చెప్పలేను. శ్రీకాకుళంలో ఉన్నా, కడపలో ఉన్నా, పని ఆపకుండా అయిపోతుంది.

అయిపోతుంది అంటున్నానుగానీ, అసలు చిక్కు ఇక్కడే ఉంది. అందుకే ఇంత రాత్రివేళ మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఇదివరకు తాళం చెట్టు కింద బ్రోకర్ దగ్గర ఉండేది. ఇప్పుడు మన ఫోన్ నంబరులో ఉంది. ఆధార్‌కి ఏ నంబరు ఇచ్చామో ఓటీపీ దానికే వస్తుంది. ఆఫీసులో పనిచేసే మనిషికి పదిహేనేళ్ళుగా ఒకే నంబరు ఉంటుంది. మిషన్ మనిషికి అలా ఉండదు. ఒడిశా సైటుకి పోతే అక్కడ సిగ్నల్ వచ్చే సిమ్ము. కర్ణాటక పోతే ఇంకోటి. ఫోన్ గుంతలో పడితే ఫోనూ సిమ్మూ రెండూ పోయినట్టే. రీచార్జ్ చెయ్యక మూలన పడిన నంబరు కొన్నాళ్ళకి ఇంకెవరికో పోతుంది. ఇలా ఆధార్ ఒక నంబరుకి, బ్యాంకు ఒక నంబరుకి, లైసెన్సు ఇంకో నంబరుకి కట్టి ఉంటాయి. "ఓటీపీ వచ్చిందా తమ్ముడూ?" అని అడిగితే చేతిలో ఫోన్ వంక చూస్తాడు. అది ఆ ఫోన్‌కి రాదు. ఎక్కడో, ఎవరి జేబులోనో మోగి ఉంటుంది.

ఈ పోర్టల్ తయారుచేసినవాళ్ళు మంచి పని చేశారు, నేను రోజూ దాన్ని మనసులో మెచ్చుకుంటాను. మరి ఊరూరా తిరిగి పనిచేసే మనిషే దీన్ని ఎక్కువగా వాడేదని వాళ్ళు ఇంకాస్త ఆలోచించాలి. నంబరు మార్చుకోవడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే అక్కడ వేలిముద్ర పెట్టాలి. ఇందాక చెప్తానన్న కథ ఇదే.

మీ బొటనవేలు ఒకసారి దీపం దగ్గర పెట్టి చూడండి. గీతలు కనిపిస్తాయి కదా, చెరువులో అలల్లాగా. లివర్ మీద పదేళ్ళు ఆడిన వేలికి ఆ గీతలు ఉండవు. గ్రీజు, డీజిల్, రాతిపొడి, హైడ్రాలిక్ ఆయిల్ కారితే చేత్తోనే తుడవడం, బకెట్ పళ్ళు మార్చేటప్పుడు సుత్తి. వేలి కొస అరిగి, అద్దంలా నున్నగా అయిపోతుంది. యంత్రం మీద పెడితే ఎర్ర దీపం. తుడిచి పెడితే ఎర్ర దీపం. ఇంకో వేలు, మళ్ళీ ఎర్ర దీపం. "నా వేలే కదక్కా ఇది" అన్నాడొక పిల్లవాడు ఓసారి. ఇరవై ఆరేళ్ళుంటాయి. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. నేను తెలుసుకున్నవి రెండు. ఒకటి, పని నుంచి నేరుగా రాకుండా రెండు రోజులు రాత్రిపూట చేతికి కొబ్బరినూనె రాసుకుని రమ్మంటాను. వచ్చాక బాగా కడిగి, తుడిచి, వేలు అదిమిపెట్టకుండా మెల్లగా ఆనించమంటాను. కొందరికి పడుతుంది. రెండోది, ఆధార్ కేంద్రంలో కంటిపాప గుర్తు ఉంటుంది. వేళ్ళు పడటం లేదని ముందే చెప్పి కంటితో చెయ్యమని అడగాలి. అడిగే హక్కు మనకుంది, మొహమాటపడొద్దు.

పేర్ల గొడవ ఇంకోటి. ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం, లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరం. మన తెలుగువాళ్ళందరికీ ఉన్నదే. తేడా చిన్నదైతే దాటుతుంది, పెద్దదైతే ముందు ఏదో ఒకటి సరిచేయించాలి. చాలా పాత పుస్తకం లైసెన్సులు కొన్ని కంప్యూటర్‌లోకే ఎక్కలేదు. నంబరు కొడితే వివరాలు లేవని వస్తుంది. అలాంటివాళ్ళు గాబరా పడకుండా, ఆ పుస్తకం పట్టుకుని దాన్ని ఇచ్చిన ఆఫీసుకి ఒకసారి వెళ్ళి ఎక్కించుకోవాలి. ఇది గడువు చివరి వారంలో చేసే పని కాదు.

టీ చల్లారిపోతోంది, తాగండి.

ఫారం 1ఏ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకైనా, నలభై దాటినవాళ్ళకైనా డాక్టరు సంతకం చేసిన ఆ ఆరోగ్య పత్రం పెట్టాలి. చాలామంది దీన్ని ఒక సంతకం అనే అనుకుంటారు. "ఎవరైనా డాక్టరు ఉంటే చెప్పక్కా, పెట్టించుకుని వస్తా" అంటారు. అందులో అడిగేవి చూడండి. మంచి పగటి వెలుతురులో ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలడా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? మామూలు హారన్ శబ్దం వినిపిస్తుందా?

ఆ చివరి ప్రశ్న దగ్గర ఆగండి. పన్నెండు గంటలు ఇంజిన్ పక్కన, బ్రేకర్ కొడుతుంటే గుండెల్లోకి దిగే మోతలో కూర్చున్న మనిషి చెవి అది. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నాడు, క్రేన్ మీద చాలా ఏళ్ళు చేశాడు. రెన్యువల్‌కి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నేను ప్రశ్న చదివాను. "హారన్ వినిపిస్తుందా పెదనాన్నా?" ఆయన నా పెదాల వంకే చూస్తున్నాడు. రెండోసారి గట్టిగా అడిగాను. "ఆ, ఎందుకు వినపడదమ్మా" అన్నాడు. అప్పుడు నేను తల తిప్పి, గోడ వైపు చూస్తూ మామూలు గొంతుతో టీ తాగుతావా అని అడిగాను. జవాబు రాలేదు.

ఆ రాత్రి అప్లికేషన్ ఆపేశాను. ఆయనకి కోపం వచ్చింది, వాళ్ళబ్బాయికీ వచ్చింది. మర్నాడు నేనే ఒంగోలు తీసుకెళ్ళి చెవి డాక్టర్‌కి చూపించాను. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవికి మిషన్ పెడితే బాగానే వినిపిస్తోంది. ఆ వినికిడి మిషన్‌తోనే పరీక్ష చేసి డాక్టరు ఫారం రాసిచ్చాడు.  క్రేన్ కింద రాయికి తాడు కట్టే కుర్రాళ్ళు "ఆపు, ఆపు" అని అరుస్తారు. ఆ అరుపు ఆయనకి వినపడాలి కదా. చూడకుండా సంతకం పెట్టే డాక్టరు దగ్గరికి నేను ఎవర్నీ పంపను. కళ్ళు, చెవులు చూడమని అడిగి మరీ చూపించుకోమంటాను. మిషన్ తోలే పిల్లల్లో చాలామందికి ఏటా జరిగే వైద్య పరీక్ష ఏమీ ఉండదు. అయిదేళ్ళకొకసారి ఈ ఫారం పుణ్యాన ఒక డాక్టరు వాళ్ళ ఒంటిని చూసే అవకాశం వస్తోంది, దాన్ని పోగొట్టుకోకూడదు.

ఈమధ్య ఇంకో బెడద మొదలైంది. వాట్సాప్‌లో చలానా పడిందనో, లైసెన్సు ఆగిపోయిందనో మెసేజ్ వస్తుంది, కింద ఏదో ఫైలు ఉంటుంది. నొక్కితే ఫోన్‌లోకి దూరి బ్యాంకు డబ్బు ఊడ్చేస్తుంది. సారథిలాగే కనిపించే దొంగ సైట్లూ ఉన్నాయి. చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. రవాణా శాఖ వాట్సాప్‌లో యాప్ పంపదు. పంపింది అనుకుని నొక్కిన ఒక టిప్పర్ డ్రైవరు నా ముందు కూర్చుని ఏడ్చాడు, ఆడపిల్ల స్కూలు ఫీజుకి దాచుకున్న డబ్బట.

మా తమ్ముడి కథ సగంలో వదిలేశాను కదూ. గేటు బయట, తోటివాళ్ళ గదిలో ఉండిపోయాడు. అక్కడే ఒక డాక్టరు దగ్గర ఫారం 1ఏ చేయించుకుని, తెల్ల గోడ ముందు ఫొటో తీయించుకుని, తెల్ల కాగితం మీద సంతకం పెట్టి, అన్నీ నాకు పంపాడు. నేను ఇక్కడ కూర్చుని ఎక్కించాను. ఆధార్ ఓటీపీ దగ్గర ఆగిపోయింది. చివరి అంకెలు చూపిస్తుంది కదా, ఆ అంకెలు వాడి ఇప్పటి నంబరువి కావు. "ఆ సిమ్ము పోయిందే, ఎప్పుడో పోయింది" అన్నాడు ఫోన్‌లో. నాకు ఆ అంకెలు ఎక్కడో చూసినట్టే ఉన్నాయి. గుర్తొచ్చేసరికి నవ్వూ వచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. అది అమ్మ నంబరు. ఆరేళ్ళ కిందట ఒడిశా పోతూ తన పాత ఫోన్, సిమ్ముతో సహా, అమ్మ చేతిలో పెట్టి వెళ్ళాడు.

అమ్మ ఊళ్ళో ఉంటుంది. ఫోన్ చేసి చెప్పాను, "అమ్మా, ఇప్పుడొక మెసేజ్ వస్తుంది, అందులో ఆరు అంకెలుంటాయి, నాకు చదివి చెప్పాలి. నేను అడిగాను కాబట్టి నాకే చెప్పు, ఇంకెవరు అడిగినా చెప్పకు" అని. అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు, అంకెలు వచ్చు, బస్సు నంబర్లూ గ్యాస్ బుక్కూ చూసి నేర్చుకుంది. బటన్ ఫోన్‌లో మాట్లాడుతూ మెసేజ్ చూడటం ఆమెకి కుదరలేదు. పెట్టేసి, వెతికి, మళ్ళీ చేసి చెప్పేసరికి పది నిమిషాలు దాటిపోయాయి. రెండోసారి పంపించాను. ఈసారి వెంటనే ఫోన్ వచ్చింది. "రాయి, చెప్తున్నా" అని ఆరు అంకెలూ ఒక్కొక్కటే, ఆగి ఆగి, బడిలో అప్పజెప్పినట్టు చెప్పింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు పడింది.

మర్నాడు ఊరు వెళ్తే వసారాలో సిమెంటు నేల మీద ముగ్గుపిండితో ఆరు అంకెలు పెద్దవిగా రాసి ఉన్నాయి. పెన్ను దొరకలేదట, ముగ్గు డబ్బా చేతికందిందట. పొద్దున ఊడ్చినప్పుడు వాటి చుట్టూ ఊడ్చింది. "ఇంకా పని ఉందేమోనని ఉంచాను" అంది. ఇక పని లేదని చెప్పినా, తమ్ముడు గేటు లోపలికి వెళ్ళాడని ఫోన్ వచ్చేదాకా వాటిని తుడవనివ్వలేదు. రెన్యువల్ అయిన లైసెన్సు ముందు డిజీలాకర్‌లోకి వచ్చింది. 2018 నుంచీ ఫోన్‌లోని ఆ లైసెన్సు అసలు కార్డుతో సమానమే కాబట్టి గేటు దగ్గర దాన్నే చూపించాడు. కార్డు తర్వాత మెల్లగా పోస్టులో వచ్చింది.

అప్పటినుంచి నా బల్ల సొరుగులో ఒక పొడుగు నోటుబుక్కు ఉంటోంది, ఇదిగో. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. పేరు, ఎన్‌టీ తేదీ, టీఆర్ తేదీ, ఆధార్‌కి ఉన్న నంబరు, ఆ నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో. చివరి ఖానా నాకు అన్నిటికంటే ముఖ్యం. 'భార్య దగ్గర', 'బావమరిది దగ్గర', 'పోయింది, మార్చాలి' అని రాసి ఉంటాయి. మూడు నెలల్లోపు తేదీ ఉన్న పేజీ కొస మడిచి పెడతాను. ఇప్పటికి మడిచినవి నాలుగున్నాయి. ముగ్గురికి చెప్పేశాను. నాలుగో అబ్బాయి బళ్ళారి దగ్గర ఎక్కడో ఉన్నాడు, రోలర్ తోలతాడు, పగలు చేస్తే ఎత్తడు, మోతలో వినపడదు. తొమ్మిదిన్నరకి గదికి వస్తాడని వాళ్ళావిడ చెప్పింది. ఇప్పుడు తొమ్మిదీ ఇరవై. ఆ అద్దాలు ఇలా అందుకోండి, నంబరు చూసి ఉంచుకుంటాను.